ఫుట్‌బాల్ టీం కొనబోతున్న పసుపు సేటుకు కొన్ని సలహాలు

ఆర్మూర్‌లో చేతికి పైసలొస్తే ఎటు పోతాయో చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. ముందు పెర్కిట్ వైపు ఒక ప్లాటు, తర్వాత కొంపల్లిలో ఒక ఫ్లాటు, ఆపైన రోడ్డు పక్కన ఒక ఫంక్షన్ హాలు. 2024 మార్చిలో నిజామాబాద్ యార్డులో పసుపు క్వింటాల్ 18 వేలు దాటినప్పుడు, గోదాములో సరుకు ఆపుకున్న సేట్లు ఈ మూడు మెట్లూ ఎక్కేశారు. మా సేటుకు ఇంకా మిగిలింది. ఫుట్‌బాల్ టీం కొంటానంటున్నాడు. అడ్తి దుకాణంలో ఆయన పద్దులు రాసేది నేనే కాబట్టి, క్లబ్బు ఎలా నడపాలో నాలుగు ముక్కలు రాసిమ్మన్నాడు. వద్దని చెప్పే ధైర్యం ఆ దుకాణంలో ఎవరికీ లేదు. నాకూ లేదు. రాస్తున్నాను.

సేటూ, అన్నిటికంటే పెద్ద సలహా కూడా ఇదే. మీకు వద్దని చెప్పగలిగే మనిషి క్లబ్బులో ఒక్కడు కూడా ఉండకూడదు. ఎన్ని కోట్లు పెట్టారు, ఎవరిని కొన్నారు, కోచ్ ఏ దేశంవాడు అన్నవన్నీ దీని తర్వాతి లెక్కలు. డైరెక్టర్లుగా మీ బామ్మర్దిని, వియ్యంకుణ్ణి, నిజామాబాద్ డాక్టరు గారిని పెట్టండి. సీఈఓ కుర్చీలో అల్లుణ్ణి కూర్చోబెట్టండి. మీటింగులు దుకాణంలోనే పెట్టండి, సాయంత్రం తూకాలు అయిపోయాక. మీరు మాట్లాడాక ఎవరైనా గొంతు సవరించుకుంటే ఛాయ్ తెప్పించండి. ఆ గొంతు సర్దుకుంటుంది.

ఇదెలా చెయ్యాలో మన తెలుగు మూలాలున్న కుటుంబమే ఇంగ్లండ్ దాకా వెళ్లి చూపించింది. కోళ్ల పరిశ్రమలో బండా వాసుదేవరావు గారి పేరు వినని వాళ్లు లేరు. ఆయన మొదలుపెట్టిన వెంకటేశ్వరా హేచరీస్ పుణె నుంచి నడుస్తుంది. ఆయన 1996లో పోయాక వ్యాపారం పిల్లల చేతికొచ్చింది. 2010 నవంబరులో ఆ కుటుంబం, అంటే వెంకీస్ వాళ్లు, 2 కోట్ల 30 లక్షల పౌండ్లు పెట్టి బ్లాక్‌బర్న్ రోవర్స్ అనే క్లబ్బు కొన్నారు. అదేమీ గల్లీ టీం కాదు. 1994–95లో ప్రీమియర్ లీగ్ గెలిచింది. అప్పటి యజమాని జాక్ వాకర్ ఆ ఊరివాడే. ఉక్కు వ్యాపారంలో సంపాదించి, చిన్నప్పటి నుంచి చూసిన టీం మీద పెట్టాడు. కెనీ డాల్గ్లిష్‌ను మేనేజర్‌గా తెచ్చుకుని ఆట అతనికి వదిలేశాడు. ఆయన గురించి మీరు చదవొద్దు సేటూ, చెడిపోతారు.

వెంకీస్ వాళ్ల నుంచి నేర్చుకోవాల్సిందే ఎక్కువుంది. ఆ డిసెంబరులో టీం 20 జట్లలో 13వ స్థానంలో ఉంది. మేనేజర్ శామ్ అలార్డైస్. లీగులోంచి కిందికి జారిపోకుండా కాపాడేవాడని ఆ దేశమంతా పేరున్నవాడు. నెల నిండకముందే, డిసెంబర్ 13న, అతన్ని పంపించేశారు. మీరూ అలాగే చెయ్యండి. టీం మధ్యలో ఉండి మెల్లగా నడుస్తున్నప్పుడే మేనేజర్‌ను తీసెయ్యాలి. మునుగుతున్నప్పుడు తీస్తే కారణం ఉంది కదా అంటారు, మీ అధికారం కనబడదు. అతని చోట్లో అప్పటిదాకా మేనేజర్‌గా చేసిన అనుభవం లేని స్టీవ్ కీన్‌ను, టీంలోనే ఉన్న కోచ్‌ను, కూర్చోబెట్టారు. ఇది ఇంకా మంచి పద్ధతి. ఉద్యోగం మీ దయతో వచ్చినవాడు మీతో వాదించడు.

క్లబ్బు కొనిపెట్టిన దళారీ ఉంటాడు చూడండి, అతన్ని వదలొద్దు. ఏ ఆటగాణ్ణి కొనాలో కూడా అతన్నే అడగండి. కొనుగోలు చేయించిన ఏజెన్సీ వాళ్లే ఆ తర్వాత ఆటగాళ్ల విషయంలోనూ సలహాలిస్తున్నారని బ్లాక్‌బర్న్ గురించి అప్పటి బ్రిటన్ పత్రికలు రాశాయి. మన యార్డులో ఒకే మనిషి కొనేవాడి తరఫునా అమ్మేవాడి తరఫునా నిలబడితే రైతులు కాంటా ఆపేస్తారు. ఫుట్‌బాల్‌లో కాంటా ఉండదు కాబట్టి భయం లేదు.

ప్రచారం మరిచిపోవద్దు. రోవర్స్ ఆటగాళ్లు డ్రెస్సింగ్ రూంలో కూర్చుని వెంకీస్ చికెన్ తింటున్నట్టు ఒక అడ్వర్టైజ్‌మెంట్ తీశారు. మీకైతే అంకాపూర్ ఐదారు కిలోమీటర్ల దూరంలోనే ఉంది. మ్యాచ్‌కు ముందు టీం మొత్తాన్ని కూర్చోబెట్టి దేశీ కోడి కూర, అన్నం పెట్టించి వీడియో తీయించండి. ఆ కారానికి సెకండ్ హాఫ్‌లో ఎవరూ పరిగెత్తలేకపోయినా వీడియో బాగుంటుంది. బ్లాక్‌బర్న్‌లో కోడి కథ అక్కడితో ఆగలేదు. 2012 మే 7న విగన్ చేతిలో 1–0తో ఓడి ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి పడిపోయిన రోజు, క్లబ్బు రంగుల జెండా చుట్టిన బతికున్న కోడిని అభిమానులు మైదానంలోకి వదిలారు. ఆట జరుగుతుంటే అది గడ్డి మీద అటూ ఇటూ తిరిగింది. కొన్న ఏడాదిన్నరకే కంపెనీ సరుకు అంత బాగా జనంలోకి వెళ్లడం మామూలు విషయం కాదు.

ఆ తర్వాతి ఏడు ఇంకా చూడముచ్చట. మన లెక్కలో చెప్తాను. 2012 జూన్‌లో పసుపు పెట్టిన రైతు మార్చిలో తవ్వేలోపు ఆ క్లబ్బులో ముగ్గురు మేనేజర్లు పోయారు. సెప్టెంబర్ చివర కీన్ రాజీనామా చేశాడు. హెన్నింగ్ బెర్గ్ 57 రోజులున్నాడు. మైకేల్ ఆపిల్టన్ 67 రోజులు. నడుమ నడుమ తాత్కాలికం. 2017లో క్లబ్బు మూడో అంచెకు దిగింది, మరుసటి ఏడు మళ్లీ రెండో అంచెకెక్కింది.

ఒక్క మాట మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి. రావు కుటుంబం పైసలు పెట్టలేదని ఎవరూ అనలేరు. ఏటేటా నష్టం పూడుస్తూనే వచ్చారు, అమ్ముకుని వెళ్లిపోలేదు. 2023లో ఇక్కడి నుంచి డబ్బు పంపడానికి కోర్టు అనుమతి అడగాల్సి వచ్చినా క్లబ్బును వదల్లేదు. అంత పెట్టినా అభిమానుల తిట్లు ఆగలేదు. అందుకే చెప్తున్నాను సేటూ, పైసలే అన్నీ చేస్తాయన్న మీ నమ్మకాన్ని ఈ ఒక్క ఉదాహరణ చూసి మార్చుకోవద్దు.

జెర్సీ రంగు గురించి అడిగారు. పసుపు అన్నారు. వేసెయ్యండి. కార్డిఫ్ సిటీ తరతరాలుగా నీలం రంగు. మలేసియా యజమాని విన్సెంట్ టాన్ 2012లో ఎరుపు చేశాడు. అభిమానులు గోల గోల చేస్తే 2015 జనవరిలో మళ్లీ నీలానికి వచ్చింది. మీ క్లబ్బుకు ఇంకా అభిమానులే లేరు కాబట్టి మీకు ఆ తలనొప్పి లేదు.

ఇక దగ్గరి పాఠానికి వద్దాం. హైదరాబాద్ ఎఫ్‌సీ. పుణె సిటీ క్లబ్బు మూతపడితే ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో దాని స్థానం హైదరాబాద్‌కు వచ్చింది. 2019 ఆగస్టు 27న క్లబ్బు పుట్టింది. పంచాంగం చూసే వాళ్లకు ఒక సంగతి. సరిగ్గా ఆ రోజే ఇంగ్లండ్‌లో నూరేళ్లు పైబడిన బరీ అనే క్లబ్బును లీగ్ నుంచి వెలివేశారు. దాన్ని అంతకు ముందటేడు ఒక వ్యాపారి ఒక్క పౌండుకు కొన్నాడు. ఒక్క పౌండు, సేటూ. యార్డు గేటు దగ్గర ఛాయ్, సమోసా ఖర్చు. అప్పులు మాత్రం విడిగా.

మొదటి సీజన్‌లో హైదరాబాద్ అట్టడుగున నిలిచింది. 10 జట్లలో పదో స్థానం, 10 పాయింట్లు. ఇక్కడిదాకా అంతా పద్ధతిగానే సాగింది. ఆ తర్వాతే క్లబ్బు దారి తప్పింది. మనోలో మార్కెజ్ అనే స్పానిష్ కోచ్‌ను తెచ్చి, మూడు సీజన్లు కదపకుండా ఉంచారు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్లకు ప్రతి వారం ఆడే అవకాశమిచ్చారు. దాని ఫలితం 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా స్టేడియంలో కనబడింది. కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. పసుపు జెర్సీ కేరళ జనంతో స్టేడియం నిండిపోయింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతితో స్కోరు 1–1 అయింది. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపాడు. 3–1. కప్పు హైదరాబాద్‌కు వచ్చింది. తర్వాతి సీజన్‌లో లీగు పట్టికలో రెండో స్థానం.

ఇంత చేసిన టీంను ఒక్క సీజన్‌లో పడగొట్టడం ఎలా? కోచ్‌తో గొడవ పడక్కర్లేదు, ఆటగాళ్లను అమ్మక్కర్లేదు. జీతాలు ఆపేస్తే చాలు. 2023–24లో అదే జరిగింది. బకాయిల ఫిర్యాదులు ఫిఫా దాకా వెళ్లి, కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా క్లబ్బు మీద నిషేధం పడింది. విదేశీ ఆటగాళ్లు, పేరున్న దేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే దారి చూసుకున్నారు. జంషెడ్‌పూర్‌లో దిగిన హోటల్ బిల్లు కట్టలేదని కేసు అయింది. మిగిలిన పిల్లలతోనే సీజన్ లాగించారు. 22 మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపు, 8 పాయింట్లు, మళ్లీ అట్టడుగు. రెండేళ్ల కిందట కప్పు ఎత్తిన క్లబ్బే అది.

మీకిది తేలిగ్గా అర్థమవుతుంది. 2008లో మన ఆర్మూర్‌లో ఎర్రజొన్నల సంగతి మరిచిపోయే వయసు మీది కాదు. వ్యాపారులు మంచి ధర ఇస్తామన్నారు, పంట ఎత్తుకున్నారు, పైసలు రాలేదు. రైతులు రోడ్డెక్కారు. పోలీసు కాల్పుల దాకా పోయింది. ఆ బకాయిలు రైతుల చేతికి రావడానికి కొత్త రాష్ట్రం రావాల్సి వచ్చింది, 2014లో సర్కారే కట్టింది. ఎంత పెద్ద ధర చెప్పారన్నదే అప్పుడందరూ చూశారు. చెప్పినవాడు ఎక్కణ్ణుంచి తెచ్చి కడతాడని అడిగినవాళ్లు తక్కువ. క్లబ్బు విషయంలోనూ మీరు ధర గురించే మాట్లాడండి. ఏప్రిల్ నెల జీతం ఏ ఖాతాలోంచి వస్తుందని అల్లుడు అడిగితే ఛాయ్ తెప్పించండి.

ఇంకా కొసమెరుపు చెప్పలేదు. 2024లో హైదరాబాద్ క్లబ్బును బి.సి. జిందాల్ గ్రూపు కొంది. 2025లో అది ఢిల్లీకి మారి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. అది ఆడిన గచ్చిబౌలి స్టేడియం మాత్రం గచ్చిబౌలిలోనే ఉంది. దీన్నుంచి మీకు పనికొచ్చే నీతి ఏమిటంటే, టీంకు ఆర్మూర్ పేరు పెట్టేటప్పుడు బోర్డు మీద పెయింటుతో రాయించొద్దు, స్టిక్కర్ వేయించండి.

మీకెవరైనా పాత హైదరాబాద్ పోలీస్ టీం గురించి చెప్తారు. వింటున్నట్టు తల ఊపండి, వినకండి. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు సార్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ ఎత్తుకొచ్చిన టీం అది. యజమాని పోలీసు శాఖ. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, ఒక బడిపంతులు. ఆటగాళ్లకు ఉద్యోగం ఉంది, ఒకటో తారీఖు జీతం ఉంది. పైసలు ఒకరివి, ఆట ఇంకొకరిది. రహీం సాబ్ పెట్టిన పోటీలు చూస్తే మీకు నవ్వొస్తుంది. బంతిని కాళ్ల దగ్గర ఆడించుకుంటూ పోకూడదు, తాకగానే పాస్ ఇవ్వాలి అని ఒక పోటీ. బలం లేని కాలితోనే ఆడాలని ఇంకో పోటీ. ఇలాంటి పిల్లచేష్టలతో తయారైన జట్టుతోనే ఆయన 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో దేశాన్ని నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఏషియాడ్‌లో బంగారానికి తీసుకెళ్లాడు. 2024లో సినిమా కూడా తీశారు, హిందీలో.

కానీ ఆ టీం దగ్గర మీరు మెచ్చుకోదగ్గ తప్పు కూడా ఒకటుంది, అది చెప్పకపోతే పక్షపాతం అవుతుంది. అంతా ఒక్క మనిషి మీద కట్టారు. రహీం పోలీస్ టీం కోచ్, హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి, దేశం కోచ్, అన్నీ ఆయనే. 1963 జూన్‌లో ఆయన పోయాడు. ఆయన కుర్చీలో కూర్చోదగ్గ ఇంకొకర్ని ఎవరూ తయారు చేసి పెట్టలేదు. అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం అంతకు ముందే కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. ఆ వైభవం మళ్లీ రాలేదు. వద్దని చెప్పేవాడు లేకపోవడం ఒక రకం, ఉన్న ఒక్కడూ పోతే నడిపేవాడు లేకపోవడం ఇంకో రకం. మీరు రెండూ ఒకేసారి సాధించొచ్చు.

జర్మనీ వాళ్ల ఊసు మాత్రం ఎత్తొద్దు. అక్కడ 1998 నుంచి ఒక నియమం ఉంది. పెట్టుబడిదారు ఎంత పెట్టినా, ఓట్లలో సగం కంటే ఒకటి ఎక్కువ క్లబ్బు సభ్యుల దగ్గరే ఉండాలి. బయర్న్ మ్యూనిక్‌లో 75 శాతం సభ్యులది. అడిడాస్, ఆడి, అలియాంజ్ లాంటి దిగ్గజాలు కూడా మిగతా నాలుగో వంతు పంచుకుని కూర్చున్నాయి. లక్షలాది సభ్యులకు ప్రెసిడెంట్‌ను ఎన్నుకునే ఓటుందట. మీకు బీపీ ఉంది. అక్కడే లైప్‌జిగ్ అనే క్లబ్బు ఒక సందు కనిపెట్టింది. సభ్యత్వం ఉంది, కానీ ఓటున్న సభ్యులు చాలా ఏళ్లు రెండు పదుల మందికి అటూ ఇటూ మాత్రమే. ఇది మన దగ్గర కుదురుతుంది. మన చుట్టుపక్కల ఊళ్లలో గ్రామాభివృద్ధి కమిటీలున్నాయి కదా. పంచాయతీ చట్టంలో వాటి పేరు లేదు. అయినా చాలాచోట్ల బెల్టు షాపు వేలం వాళ్లే పాడిస్తారు, జరిమానా వాళ్లే వేస్తారు, ఎదురు తిరిగిన ఇంటికి పాలు, పనివాళ్లు బంద్ చేయిస్తారు. ఆ పద్ధతిలో ఒక క్లబ్బు అభివృద్ధి కమిటీ వేయండి. రిజిస్టర్ వద్దు, ఆడిట్ వద్దు. సెంటర్ ఫార్వర్డ్ స్థానానికి ఏటా సంక్రాంతికి వేలం పెట్టండి. గెలిచినవాడి కొడుకు ఆడతాడు. కమిటీని ప్రశ్నించిన అభిమానికి గ్యాలరీలో నీళ్ల ప్యాకెట్ కూడా అమ్మకుండా చూడండి.

పెట్టుబడి ఎక్కణ్ణుంచి తేవాలన్నది మీకు నేను చెప్పేంత పెద్ద విషయం కాదు. గ్లేజర్ కుటుంబం 2005లో మాంచెస్టర్ యునైటెడ్‌ను చాలావరకు అప్పు తెచ్చి కొని, ఆ అప్పును క్లబ్బు మీదే వేసింది. టీం గెలిచి సంపాదించి, తనను కొన్న బాకీకి తనే వడ్డీ కట్టుకుంటుంది. ఈ ముక్క చిత్తుప్రతిలో చదివి మీరు పద్దుల పుస్తకం మీద అరచేయి వేసి చాలాసేపు కదలకుండా కూర్చున్నారు. పేజీ మీద పసుపు వేళ్ల ముద్రలు ఇంకా ఉన్నాయి.

ఆటగాళ్లను ఎక్కడ వెతకాలి? దగ్గర్లో మాత్రం వెతకొద్దు. మన జిల్లా కిసాన్‌నగర్ తండా పిల్ల గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్‌కు ఆడింది. 2024–25లో ఈస్ట్ బెంగాల్ తరఫున మహిళల లీగ్ గెలిచింది. 2025లో దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు అందుకుంది. ఇలాంటి పిల్లలు తయారు కావాలంటే తండా పక్కన ఒక చదును నేల, రోజూ పొద్దున్నే వచ్చే కోచ్, నాలుగు బంతులు, ఓ పదేళ్ల ఓపిక కావాలి. వీటిలో ఏదీ ఫ్లెక్సీ మీద బాగా కనబడదు. మీరు ఆగండి. పిల్ల వేరే ఊరి జెర్సీలో పెద్దదయ్యాక, మామిడిపల్లి చౌరస్తాలో ఆమె ఫోటో పక్కన మీ ఫోటో ఇంకాస్త పెద్దగా వేయించండి.

ఓపికతో ఏమొస్తుందో చూడాలంటే శ్రీనిధి డెక్కన్‌ను చూడండి. చదువుల సంస్థ వాళ్లది. 2015లో పెట్టారు. అజీజ్ నగర్‌లో సొంత మైదానం కట్టుకున్నారు, పిల్లల జట్లు నడిపారు. 2022–23లో, 2023–24లో ఐఎస్ఎల్ కింది అంచె అయిన ఐ–లీగ్‌లో రెండో స్థానం. మొదటి స్థానం వాళ్లే ఐఎస్ఎల్‌కు వెళ్లారు, మొదటిసారి పంజాబ్, రెండోసారి మహమ్మదన్. అటు చూస్తే ఐఎస్ఎల్‌లో 22 మ్యాచ్‌ల్లో ఒకటి గెలిచిన హైదరాబాద్ కిందికి దిగలేదు, అప్పటికి దిగే నియమమే లేదు. అందుకని పైకెక్కే మార్గంలో కాదు, జారే భయం లేని చోట పైసలిచ్చి కూర్చోండి. కష్టపడి రెండో స్థానంలో నిలిచేకన్నా, కొనుక్కుని పన్నెండో స్థానంలో నిలవడం సుఖం.

ఆ లీగైనా నిలుస్తుందా అని అడుగుతారు. భారత ఫుట్‌బాల్ సమాఖ్య తన వాణిజ్య హక్కులను 2010లో 15 ఏళ్లకు ఒప్పందం మీద ఇచ్చింది. 15 ఏళ్లు 2025 డిసెంబర్‌లో పూర్తవుతాయని 2010లోనే క్యాలెండర్ ఉన్న ప్రతివాడికీ తెలుసు. అయినా 2025 జులై వచ్చేసరికి, తర్వాత ఏమిటో తేలలేదని కొత్త సీజన్‌ను ఆపేశారు. కొన్ని క్లబ్బులు ప్రాక్టీసు మానేశాయి, జీతాలు ఆపాయి. పైన కూర్చున్నవాళ్లు కూడా మీలాగే, అడిగేవాళ్లు లేని చోట కూర్చున్నారని తెలిస్తే మీకు కాస్త ధైర్యంగా ఉంటుంది.

ఇక నా కమీషన్. నూటికి రెండు అన్నారు, ఒప్పుకున్నాను. కానీ తక్‌పట్టీ మీద రాసి మార్కెట్ ఎత్తుకున్నాక ఇస్తానంటే కుదరదు సేటూ. క్లబ్బు కొన్న కాగితాల మీద మీరు సంతకం పెట్టే ముందే నగదు ఇప్పించండి, సంతకం తర్వాత అయితే ఆటగాళ్ల వెనక లైన్లో నిలబడాల్సి వస్తుంది.